మైకు ఆగిన తర్వాత

డర్వ్లా కోటు విప్పలేదు. ఆ సోమవారం మధ్యాహ్నం వానకు తడిసిన కోటుతోనే వంటింటి బల్ల ముందు కూర్చుని, చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి టీ కప్పుల మధ్య పరిచింది.

"చదువు" అంది తమ్ముడి భార్యతో.

"ఏంటి వదినా అది?" అంది ఫిడెల్మా.

"నీ మాటలే. పొద్దున లైబ్రరీకెళ్లి అచ్చు తీయించుకొచ్చాను. చదువు. డబ్లిన్‌లో దేశమంతా వినేలా చదివినదానివి, నా ఒక్కదాని ముందు చదవడానికేం?"

ఫిడెల్మా కాగితం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. గత బుధవారం దేశ పార్లమెంటు అయిన డాల్ సభలో ప్రతిపక్ష డెప్యూటీగా, అంటే సభ్యురాలిగా, తను మాట్లాడిన రెండున్నర నిమిషాలూ అందులో ఉన్నాయి. అక్షరం పొల్లుపోకుండా నోటికొచ్చు. అదే ఆమె జబ్బు.

ఫెర్గస్ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. పాలు పితికే యంత్రాలు బాగుచేసే మనిషి. ఎంత మొరాయించిన యంత్రాన్నయినా గంటలో దారికి తెస్తాడు. అక్కనీ భార్యనీ ఒక గదిలో కూర్చోబెడితే మాత్రం ఏ మర ఎటు తిప్పాలో తెలియదు.

"అక్కా, టీ చల్లారిపోతోంది" అన్నాడు.

"చల్లారనీ." డర్వ్లా కాగితం చివరి వరుసల మీద వేలు పెట్టింది. "ఇదుగో, ఇక్కడ. ఉత్తరం చదవడం అయిపోయింది. ప్రభుత్వం వైపు నుంచి మాలకీ టాన్సీ అరిచాడు, 'ఆ ఉత్తరం నువ్వే రాసుకున్నావేమో' అని. దానికి నువ్వేమన్నావు?"

ఫిడెల్మా కప్పు పక్కకి జరిపింది.

"నేను చదవనా? 'రాసిన మనిషి పంతొమ్మిదేళ్లుగా అక్కడ రాత్రి డ్యూటీ చేస్తోంది. డెప్యూటీ టాన్సీ పంతొమ్మిది నిమిషాలు అక్కడ నిలబడితే చాలు, నోరు మూతపడుతుంది.' బాగుంది. భలే అన్నావు. రాత్‌బ్రాన్ వృద్ధాశ్రమంలో పంతొమ్మిదేళ్లుగా రాత్రి డ్యూటీ చేస్తున్నవాళ్లు ఎంతమంది ఉన్నారే? వేళ్లమీద లెక్కపెట్టి చెప్పు. ఒక్క వేలు చాలు."

ఆ ఉత్తరం డర్వ్లా తెచ్చి ఇచ్చింది ఈ బల్ల దగ్గరే, నెల కిందట. సంతకం లేదు. నలభై రెండు మంది ముసలివాళ్లకు రాత్రిపూట ఒక్క నర్సు. మాటిమాటికీ గంట కొడితే పరుగెత్తడానికి మనుషులు లేరు కనక, పదింటికల్లా గంట తీగలు మంచాల వెనక అందకుండా ముడివేసేయమని పైనుంచి హుకుం. బార్నీ క్రెగ్ అనే ఆయన గంట కోసం చెయ్యి చాచి చాచి, కింద పడి, తెల్లారేసరికి పోయాడు. ఇదంతా రాసి, డర్వ్లా ఒక్కటే అడిగింది. నా పేరు వద్దు, నన్ను పోల్చుకునే ముక్క ఒక్కటి కూడా వద్దు అని. ఫిడెల్మా ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చింది.

శుక్రవారం నాడు డర్వ్లాని ఇంటికి పంపించేశారు. గురువారం వచ్చి సంజాయిషీ చెప్పుకోమన్నారు. రోగుల గుట్టు బయటపెట్టిందన్న నింద పడితే ఉద్యోగమే కాదు, నర్సుగా పనిచేసే అర్హత కూడా పోవచ్చు.

"వదినా, వాడు రెచ్చగొట్టాడు, నేను నోరు జారాను. శుక్రవారం నుంచీ చెబుతూనే ఉన్నాను కదా" అంది ఫిడెల్మా.

"నోరు జారితే గాలికి పోతుంది పిల్లా. ఇది గాలికి పోలేదు. ఆశ్రమం మేనేజరు నా ముందు పెట్టింది కూడా ఇలాంటి అచ్చు కాగితమే. టీవీలో ఏం వచ్చిందో వాళ్లకి తెలీదు. ఇదుగో, ఈ వరుస కింద ఎర్ర గీత గీసి మరీ పెట్టారు."

"సభ లేఖకులు విన్నది విన్నట్టు రాసుకున్నారు. వాళ్ల పని అది."

అక్కడితో ఆగి ఉంటే ఆ పూటకి గండం గడిచేది. కానీ ఫెర్గస్ సాయం చేద్దామనుకున్నాడు.

"అవునక్కా, వాళ్లవి పాము చెవులు" అన్నాడు ముందుకొచ్చి. "శనివారం నుంచి ఆ వీడియో ఆరుసార్లు చూశాను. నమ్మవు, ఒక్క ముక్క వినపడితే ఒట్టు. అప్పటికే టైమైపోయిందని మైకు ఆపేశారు. సభాపతి కూర్చోమంటున్నాడు, టాన్సీ గోల చేస్తున్నాడు. ఫిడెల్మా పెదాలు కదులుతున్నాయి, అంతే. అంత గోలలో వాళ్లకెలా వినపడిందో ఏమో, మెచ్చుకోవాల్సిందే!"

మెచ్చుకుంటూనే అన్నాడు పాపం. బయట చూరు మీంచి నీళ్లు బొట్లుబొట్లుగా బకెట్లో పడుతున్నాయి.

డర్వ్లా తల తిప్పి మరదలి మొహంలోకి చూసింది. రాత్రంతా మేలుకుని, ఎవరికి నొప్పి ఉందో ఎవరు దాస్తున్నారో మొహం చూసి పసిగట్టే మనిషి ఆమె.

"మైకు ఆగిపోయిందా?" అంది నెమ్మదిగా.

"ఆగింది" అంది ఫిడెల్మా.

"మరి వాళ్లకెలా వినపడింది?"

"వాళ్లు... ముందే కూర్చుంటారు వదినా. సభాపతి కిందే. దగ్గర."

అది అబద్ధం. లేఖకులకు ఆ గోలలో ఏమీ వినపడలేదు. వినపడనప్పుడు వాళ్లు బ్రాకెట్లో 'అంతరాయం' అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. రికార్డులో ఆ మాట ఉన్న చోటల్లా ఎన్ని తిట్లు, ఎన్ని చమత్కారాలు మట్టిలో కలిసిపోయాయో. కానీ ఎవరైనా సభ్యులు లేచి నిలబడి ఏదో అన్నట్టు కనిపిస్తే, ఒక చీటీ పంపుతారు. మైకు ఆగిన తర్వాత మీరన్నది వినపడలేదు, వీలైతే రాసి ఇవ్వండి అని. ఇవ్వకపోయినా ఎవరూ అడగరు.

బుధవారం నాడు ఆ చీటీ ఫిడెల్మా చేతికి వచ్చింది. వెనక వరుసల్లోంచి సొంత పార్టీ వాళ్లు ఆమె భుజం తడుతున్నారు. టాన్సీ మొహం జేవురించి ఉంది. ఆరేళ్లుగా ప్రతిపక్షంలో ఉంది. చేతిలో పదవి లేదు, సంతకానికి విలువ లేదు, ఒక రోడ్డు వేయించలేదు, ఒక వార్డు తెరిపించలేదు. ఉన్నదల్లా మాట. అది కూడా 'అంతరాయం' అయిపోతే ఎలా అని అనిపించింది. కలం ఎత్తకుండా రాసిచ్చేసింది. పంతొమ్మిదేళ్లు అన్న మాట కింద గీత కూడా గీసింది, పొరపాటున వదిలేస్తారేమోనని.

డర్వ్లా లేచింది. కాగితం మడత పెట్టి సంచిలో వేసుకుంది.

"గురువారం నన్ను అడుగుతారు, రాసింది నువ్వేనా అని."

"కాదని చెప్పక్కా" అన్నాడు ఫెర్గస్. "రుజువేం ఉంది వాళ్ల దగ్గర? లేదా అవుననే చెప్పు. తప్పు బయటపెట్టినవాళ్లని కాపాడే చట్టం ఉంది."

"చట్టం వచ్చి నన్ను కాపాడేసరికి నేనే ఆ ఆశ్రమంలో మంచం మీద ఉంటాన్రా. నా గంట తీగ ఎవడు ముడేస్తాడో చూడాలి." తలుపు దగ్గర ఆగింది. "బార్నీ చెయ్యి చల్లబడిపోయాక ఆ ముడి నేనే విప్పాను. మాట్లాడకుండా ఉండలేక రాశాను. రాసినందుకు నాకు బాధ లేదు ఫిడెల్మా. నువ్విచ్చిన మాట ఎలా పోయిందో అదొక్కటీ తెలియాలి నాకు."

తలుపు మెల్లగా వేసి వెళ్లింది. ధడాలున వేసి వెళ్లినా బాగుండునని ఫిడెల్మాకు అనిపించింది.

*

మంగళవారం పొద్దున్నే ఫెర్గస్ ఫిడెల్మాను స్టేషనుకు తీసుకెళ్తున్నాడు. గత బుధవారం మధ్యలో ఆగిన చర్చ ఇవాళ మళ్లీ మొదలవుతుంది. ఆమెకు రెండు నిమిషాలు ఇచ్చారు.

ఊరు దాటేదాకా కారు అద్దం మీద వాన తుడిచే పుల్లల చప్పుడే. చర్చి గేటు దగ్గర ఎవరివో అంత్యక్రియలకు జనం పోగవుతున్నారు. మామూలుగా అయితే ఫెర్గస్ కారు ఆపేవాడు. డెప్యూటీ దిగి, వరసగా చేతులు కలిపి, పాపం మంచి మనిషి అని నలుగురితో అని మళ్లీ ఎక్కేది. ఇవాళ ఆపలేదు. ఆపమని ఆమె కూడా అనలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇదే గేటు దగ్గర జనమంతా డర్వ్లా చుట్టూ మూగారు. ఫిడెల్మాకు మాత్రం దూరం నుంచే తలూపి ఊరుకున్నారు.

"గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చింది" అన్నాడు ఫెర్గస్ ఉన్నట్టుండి.

"ఏంటి?"

"నువ్వు గెలిచిన మొదటి ఏడాది. ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పావు. నువ్వేదో మన పాత గేలిక్ భాష మాట వాడితే లేఖకులకి అర్థం కాలేదని, చీటీ పంపించి మరీ అడిగారని. చూశావా, నా మాట కోసం చీటీలు పంపుతున్నారు అన్నావు."

ఫిడెల్మా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఈసారి కూడా వచ్చిందా చీటీ?"

ఆమె కిటికీ అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచింది.

"ఫిడెల్మా, నేను టాన్సీని కాదు. నన్ను గెలవక్కర్లేదు. వచ్చిందా?"

"వచ్చింది."

"నువ్వే రాసిచ్చావా?"

"రాసిచ్చాను."

కారు ఒక్కసారి నెమ్మదించింది. వెనకొచ్చే ట్రాక్టరు వాడు హారన్ కొట్టి, చెయ్యూపి దాటుకుని పోయాడు.

"ఎందుకు?" అన్నాడు.

ఎన్నో జవాబులు తయారుగా ఉన్నాయి. తొందరలో, ఆవేశంలో, ఆలోచించకుండా. ఆరేళ్లుగా మంత్రులు చెప్పే ఇలాంటి జవాబుల్ని చీల్చి చెండాడి పేరు తెచ్చుకున్న మనిషి, అవి తన నోటికే వస్తుంటే సిగ్గుపడింది.

"బాగుంది కాబట్టి" అంది. "ఆ మాట బాగా కుదిరింది ఫెర్గస్. పోగొట్టుకోబుద్ధి కాలేదు."

అతను స్టేషను ముందు కారు ఆపాడు గాని, ఇంజను ఆపలేదు.

"మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. అక్కకి పదహారు. స్కూల్లో నా డబ్బా తెరిచి చూసి నవ్వేవాళ్లు, రొట్టెముక్కలు వంకరగా కోసేదని. ఒకరోజు నవ్వినవాళ్ల మీద కోపంతో, మా అక్కకి కొయ్యడం రాదు, తిట్టొద్దు అని అందరి ముందూ అరిచాను. ఆమె గేటు దగ్గరే ఉంది. వింది. ఆ రాత్రి నాకు మామూలుగానే భోజనం పెట్టింది. మర్నాటి నుంచి డబ్బా మీద గుడ్డ కప్పి కట్టేది, ఎవరికీ కనపడకుండా." స్టీరింగు మీద బొటనవేలితో రుద్దుతున్నాడు. "నువ్వు అరిచినందుకు కాదు. అందరం అరుస్తాం. శుక్రవారం నుంచీ ఆమె మొహంలోకి చూసి లేఖకుల మీద నెట్టావు చూడు, అదీ నాకు మింగుడుపడనిది."

"చెబుతాను. నేనే చెబుతాను. ఇవాళ సభలో చెబుతాను."

"ఇంట్లో బల్ల దగ్గర చెప్పలేనిది సభలో చెబుతావా?"

"అక్కడైతే..." ఆమె ఆగిపోయింది.

"అక్కడైతే చప్పట్లుంటాయి" అన్నాడు ఫెర్గస్. వెంటనే అన్నందుకు నొచ్చుకున్నట్టు ముందుకి వంగి తలుపు తీశాడు. "వెళ్లు. బండి వస్తోంది."

రైల్లో ఆమె డర్వ్లాకు మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ మోగి ఆగిపోయింది.

*

సభ ఆవరణలో ఆమెకు ముందుగా ఎదురైనవాడు నోయెల్ కార్మొడీ. పార్టీలో ఎవరికి ఎన్ని నిమిషాలో పంచేవాడు, ఎవరెప్పుడు ఓటు వేయాలో చెప్పి తోలేవాడు అతనే.

"రెండు నిమిషాలు" అన్నాడు నడుస్తూనే. "గంట తీగలు, నర్సుల కొరత, స్వతంత్ర విచారణ. అంతే. మంత్రి ఇవాళో రేపో విచారణకి ఒప్పుకునేలా ఉన్నాడు. మీ ఇంటి గొడవ తెచ్చి నడుమ పెట్టకు."

"నోయెల్, రికార్డులో ఒక తప్పు ఉంది. నేను సరిచెయ్యాలి."

"ఎన్ని సెకన్లు?"

"ఇరవై చాలు."

"ఇరవై సెకన్లలో ఉత్తరం మొత్తం అబద్ధమని టాన్సీ ఊరంతా చాటిస్తాడు. నీకు సరిదిద్దాలనుంటే సభాపతికి ఉత్తరం రాసుకో. వచ్చే నెలలో రాసుకో."

ఆమె జవాబు చెప్పబోయింది. అప్పుడే సందర్శకుల ద్వారం దగ్గర తడిసిన ఆకుపచ్చ కోటు కనపడింది.

డర్వ్లా తన ఫోనూ సంచీ అక్కడి ఉద్యోగికి అప్పగించి, మెడలో వేలాడే సందర్శకుల బిళ్ల సర్దుకుంటోంది. ఆ బిళ్ల కావాలంటే ఎవరో ఒక సభ్యుడు సంతకం పెట్టాలి. సంతకం పెట్టిన మనిషి ఆమె పక్కనే, ఇంత మొహం చేసుకుని నిలబడి ఉన్నాడు. మాలకీ టాన్సీ.

"మీ వదినగారికి నేనే పాస్ ఇప్పించాను డెప్యూటీ లావిన్" అన్నాడు. "మీకు తీరిక ఉండదని. ఒకే జిల్లా వాళ్లం, ఆ మాత్రం చేసుకోకపోతే ఎలా?"

"మీ దయ" అంది ఫిడెల్మా.

"దయేముంది, ఈవిడ నిన్న నా ఆఫీసుకొచ్చి ఒక్కటే ప్రశ్న అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను." టోపీ తీసి డర్వ్లాకి వంగి దండం పెట్టినంత పనిచేసి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

వదినా మరదళ్లు ఇద్దరూ మిగిలారు. ఉద్యోగి మర్యాదగా అటు తిరిగి ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు.

"వాడి దగ్గరికి వెళ్లావా వదినా?"

"ఎవరి మీద అరిచావో వాడినే అడిగాను. నా మరదలన్నది నీకు వినపడిందా అని. నవ్వాడు. గోలలో ఏం వినలేదు, మర్నాడు రికార్డులో చదివితేనే తెలిసింది అన్నాడు. ఆ పైన ఇంకో మాట కూడా చెప్పాడు. వినపడకపోతే చీటీ పంపుతారటగా?"

ఫిడెల్మా ఒక అడుగు ముందుకేసింది.

"వదినా, నేను నీకు ఫోన్ చేశాను, రైల్లోంచి—"

"చూశాను. ఎత్తలేదు. ఫోన్లో వినడానికి రాలేదు నేను, మూడు గంటలు బస్సులో కూర్చుని." డర్వ్లా గొంతు పెంచలేదు. మంచాల మధ్య నడిచేటప్పుడు మాట్లాడే గొంతు అది. "నువ్వు నన్ను పట్టిచ్చింది ఎక్కడ? రికార్డులో. చెప్పాల్సింది కూడా అక్కడే చెప్పు. గురువారం నేనెలాగూ అవుననే చెబుతాను, రాసింది నేనేనని. వాళ్లు తీసేస్తే తీసేయనీ. కానీ నన్ను బయటపెట్టింది లేఖకుల చెవులు కాదు, నీ చెయ్యి అని ఆ కాగితం మీద ఉండాలి. నేను పోయాక కూడా ఉండాలి."

"చెబుతాను."

"ముందు చెప్పు. అన్నీ అయ్యాక తోకలా తగిలించకు."

"ముందే చెబుతాను వదినా. నీ మీదొట్టు."

"ఒట్లు వద్దులే. ఒకటి చూశాను."

సభ మొదలయ్యే గంటలు మోగడం మొదలైంది. సభ్యులంతా లోపలికి పరుగెడుతున్నారు. డర్వ్లా గ్యాలరీ మెట్ల వైపు నడిచింది. ఈ వయసులో మోకాళ్ల నొప్పి, ఒక్కో మెట్టూ కమ్మీ పట్టుకుని ఎక్కుతోంది. ఫిడెల్మా వెళ్లి చెయ్యి ఇవ్వాలనుకుంది. ఇవ్వలేకపోయింది.

*

సందర్శకుల గ్యాలరీకి ముందు నిలువెత్తు గాజు అద్దం ఉంటుంది. సభలో మాటలు అక్కడికి మైకుల ద్వారానే చేరతాయి. పైనున్నవాళ్లు చప్పుడు చేయకూడదు, చప్పట్లు కొట్టకూడదు, లేచి నిలబడకూడదు. డర్వ్లా మొదటి వరుసలో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"డెప్యూటీ ఫిడెల్మా లావిన్. రెండు నిమిషాలు" అన్నాడు సభాపతి.

ఆమె లేచింది. ఎదురుగా గోడమీద ఎర్రటి అంకెలు తరగడం మొదలుపెట్టాయి. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి పార్టీ ఆఫీసు అచ్చు వేసి ఇచ్చినది. రెండోది రైల్లో తను రాసుకున్న నాలుగు వరుసలు. రెండోదే పైన పెట్టుకుంది. నోరు తెరిచింది.

ఎదురుగా మంత్రి కళ్లజోడు సర్దుకుని ఆమె వైపే చూస్తున్నాడు. ఎప్పుడూ ఫోన్ చూసుకునే మంత్రి ఇవాళ వింటున్నాడు. విచారణకి ఒప్పుకునేలా ఉన్నాడని నోయెల్ అన్నది నిజమే. ఇంకొక్క తోపు తోస్తే చాలు. ముందు ముసలివాళ్ల సంగతి, నా సంగతి తర్వాత అనుకుంది. ఆ ఆలోచన న్యాయంగానే కనిపించింది. ఆమెను ముంచేవన్నీ న్యాయంగా కనిపించే వస్తాయి.

కింది కాగితం పైకి వచ్చింది.

"సభాపతి గారూ, గంట తీగ పొడవెంతో మంత్రిగారికి తెలుసా? మంచం మీదున్న మనిషికి, గంటకి మధ్య ఉన్నది రెండు మూరలు. ఆ రెండు మూరలు ముడివేసేశాక..."

బాగా మాట్లాడింది. చాలా బాగా మాట్లాడింది. మంత్రి తలవంచి ఏదో రాసుకున్నాడు. వెనకనించి "అదీ!" అన్నారెవరో. ఒక వాక్యం తర్వాత ఇంకొకటి తోసుకుంటూ వచ్చాయి, ఒక్కటీ వదలబుద్ధి కాలేదు. అంకెలు నలభై అయ్యాయి, ఇరవై అయ్యాయి. పద్నాలుగు దగ్గర ఆమె తలెత్తి పైకి చూసింది.

డర్వ్లా అలాగే కూర్చుని ఉంది. కోపంగా లేదు. పొద్దెక్కాక డ్యూటీ దిగి ఇంటికి పోయే మనిషిలా అలసిపోయి ఉంది. ఇలాగే జరుగుతుందని ముందే తెలిసినట్టు ఉంది.

ఫిడెల్మా రైల్లో రాసుకున్న కాగితం పైకి తీసింది.

"సభాపతి గారూ, ఇంకొకటి. గత బుధవారం నాటి రికార్డులో నా పేరు మీద ఉన్న చివరి వాక్యం..."

"డెప్యూటీ, మీ సమయం అయిపోయింది."

"ఒక్క వాక్యం. అది అక్కడికి ఎలా వచ్చిందంటే—"

"డెప్యూటీ లావిన్, కూర్చోండి. తర్వాత డెప్యూటీ టాన్సీ."

బల్ల మీది మైకు దీపం ఆరిపోయింది. టాన్సీ అటువైపు లేస్తూ, "పాపం, పూర్తి చేయనివ్వండి, మళ్లీ ఎవరి ఉత్తరమో!" అన్నాడు. ఘొల్లున నవ్వారు. వెనక బెంచీల వాళ్లు తిరిగి కేకలేశారు.

ఫిడెల్మా కూర్చోలేదు. ఆ గోలలో, పైనున్న అద్దం వైపు తిరిగి చెప్పింది.

"ఆ వాక్యం లేఖకులు వినలేదు. నేనే నా చేత్తో రాసిచ్చాను. చీటీ వస్తే నా గొప్ప కోసం రాసిచ్చాను. నన్ను నమ్మి నోరు విప్పిన మనిషిని నేనే బజారున పడేశాను. పడేసి, తప్పు ఇంకొకరి మీద నెట్టాను. వదినా, నన్ను క్షమించు."

మొదటిసారి ఆమె ఒక మాటని అందంగా చెప్పడం మరచిపోయి చెప్పింది. ఎవరికీ వినపడలేదు. పక్క సీటులోని సభ్యురాలు ఆమె మోచెయ్యి పట్టి కిందికి లాగింది.

అద్దం వెనక డర్వ్లా కొంచెం ముందుకి వంగింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మరదలి పెదాలు కదలడం చూసింది. అంతే.

టాన్సీ మాట్లాడుతున్నాడు. అతని మాటలు ఫిడెల్మాకు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. అప్పుడు పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. సభలో కాగితాలు అందించే ఉద్యోగి, జుట్టు నెరిసిన మనిషి. ఆమె ముందు చిన్న చీటీ పెట్టాడు.

'మైకు ఆగిన తర్వాత డెప్యూటీ లావిన్ అన్నది వినపడలేదు. వీలైతే రాసి ఇవ్వగలరు.'

అదే చీటీ. అదే చేతిరాత. కింద నాలుగు ఖాళీ గీతలు.

వెనక వరుసలోంచి నోయెల్ ముందుకి వంగాడు. వేడి ఊపిరి ఆమె చెవికి తగిలింది.

"ఖాళీగా పంపెయ్. ఏమన్నావో నేను వినలేదు, ఎవరూ వినలేదు. 'అంతరాయం' అని వేస్తారు, అయిపోతుంది. మంత్రి విచారణ అన్నాడంటే రేపు అన్ని పేపర్లలో నువ్వే ఉంటావు. వింటున్నావా?"

ఫిడెల్మా కలం తీసింది. గత వారం ఎత్తకుండా రాసిన కలమే. ఇవాళ మూత రావడానికే చాలాసేపు పట్టింది.

'నేనే' అని రాసింది.

ఆ ఒక్క మాటా రాసి, తలెత్తి గ్యాలరీ వైపు చూసింది. చూస్తోందా, తను రాస్తున్నది వదినకి కనపడుతోందా అని.

మొదటి వరుసలో కుర్చీ ఖాళీగా ఉంది.

ఆకుపచ్చ కోటు తలుపు దాకా వెళ్లిపోయింది. వెనక్కి తిరగలేదు. తలుపు ఊగి, మూసుకుంది.

ఇప్పుడు చూసేవాళ్లెవరూ లేరు. నోయెల్ చెయ్యి చీటీ అంచు మీద పడింది, లాగేసుకోవడానికి సిద్ధంగా. నెరిసిన జుట్టు ఉద్యోగి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వంగి మెల్లగా అడిగాడు.

"ఇంతేనా డెప్యూటీ, ఇంకా ఏమైనా రాస్తారా?"